క్రిప్టో కరెన్సీ: పేద దేశాల అనుభవం, మనకు పాఠం

రచన: హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (అర్థశాస్త్రం)



సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ కబురు చేసినప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. ఈలోగా ఒక రాత్రి, మన హాస్టల్లోనే పదో తరగతి వరకు చదివి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న తమ్ముడు ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, అర్జెంటుగా నాలుగు వేలు సర్దుతవా? వారంల ఇచ్చేస్త" అన్నాడు. ఎందుకని అడిగితే చాలాసేపు చెప్పలేదు. చివరికి విషయం బయటపడింది.

ఎవరో వాట్సాప్ గ్రూపులో చేర్చారట. క్రిప్టోలో పెట్టుబడి పెడితే రోజూ లాభం అన్నారట. ముందు 500 రూపాయలు పెడితే మూడు రోజుల్లో 650 తిరిగి వచ్చాయి. నమ్మకం కుదిరింది. స్కాలర్‌షిప్ కింద వచ్చిన 7,500 రూపాయలు మొత్తం పెట్టేశాడు. యాప్‌లో అది 21,000 అయినట్టు కనిపించింది. తీసుకోబోతే, "ముందు పన్ను కింద 4,000 కట్టు, తర్వాత మొత్తం నీ ఖాతాలో పడుతుంది" అన్నారు. ఆ నాలుగు వేల కోసమే నాకు ఫోన్.

ఇవ్వనని చెప్పాను. అప్పుడు వాడు అడిగాడు: "అసలు క్రిప్టో అంటే ఏందన్నా? అది మొత్తం మోసమేనా?"

ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. మోసం అంటే సగమే నిజం. గొప్ప విప్లవం అన్నా సగమే నిజం. అందుకే ఈ వ్యాసం. వాడి అనుమతితోనే రాస్తున్నాను. పేరు రాయవద్దన్నాడు, విషయం మాత్రం తప్పక రాయమన్నాడు.

ఖాతా పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

మా ఊరి కిరాణా కొట్టులో ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. మా నాయనమ్మ ఉద్దెర తెచ్చిన ప్రతిసారీ సేటు అందులో రాసేవాడు. నాయనమ్మకు చదువు రాదు. సేటు ఏది రాస్తే అదే బాకీ. ఆయన మంచివాడు కావచ్చు, కాకపోవచ్చు. సరిచూసే దారి మాత్రం ఆమెకు లేదు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి ఆ పుస్తకం చదివి వినిపించాను. రెండు చోట్ల ఒకే పద్దు రెండుసార్లు పడి ఉంది. సేటు నవ్వి కొట్టేశాడు. అంతకు ముందు ఏళ్లలో ఎన్ని అలా పడ్డాయో మాకు తెలియదు.

ఆలోచిస్తే బ్యాంకు కూడా ఒక ఖాతా పుస్తకమే. మీ పేరు మీద 2,000 రూపాయలు ఉన్నాయంటే బ్యాంకు లెక్కలో అలా రాసి ఉందని అర్థం. ఆ పుస్తకాన్ని చట్టం, రిజర్వు బ్యాంకు కాపలా కాస్తాయి. కాపలా సరిగ్గా ఉన్న దేశంలో ఇబ్బంది తక్కువ. ప్రభుత్వాలు ఇష్టం వచ్చినట్టు నోట్లు అచ్చు వేసే దేశాల్లో, బ్యాంకులు పేదవాడిని గడప ఎక్కనివ్వని దేశాల్లో "పుస్తకం ఎవరి చేతిలో ఉంది?" అన్నది చాలా పెద్ద ప్రశ్న. బ్లాక్‌చైన్ పుట్టింది ఈ ప్రశ్నలోంచే.

బ్లాక్‌చైన్ అంటే మెస్ పుస్తకం

మన హాస్టల్ మెస్ లెక్కలతో దీన్ని అర్థం చేసుకుందాం. బియ్యం, పప్పు, నూనె వచ్చినప్పుడు రిజిస్టరులో రాస్తారు. రిజిస్టరు ఒక్కటే, ఆఫీసు బీరువాలో ఉంటుంది.

ఇప్పుడు వేరే పద్ధతి ఊహించండి. హాస్టల్లో పన్నెండు గదులున్నాయి. ప్రతి గదికీ ఒక పుస్తకం ఇచ్చారు. రోజూ సాయంత్రం ప్రార్థన తర్వాత ఆ రోజు పద్దులు గట్టిగా చదువుతారు. పన్నెండు గదుల వాళ్లూ ఒకేలా రాసుకుంటారు. పేజీ నిండాక ఆ పేజీలోని అక్షరాలు, అంకెలు అన్నిటినీ ఒక లెక్క ప్రకారం కలిపి ఒక ముద్ర సంఖ్య తీస్తారు. ఆ సంఖ్యను తర్వాతి పేజీ పైన రాస్తారు. దాని ముద్ర ఆ తర్వాతి పేజీ పైన. ఇలా పేజీలన్నీ గొలుసులా ముడిపడతాయి. పేజీయే బ్లాక్. గొలుసే చైన్.

ఒకరోజు ఎవరో రాత్రిపూట నాలుగో గది పుస్తకంలో 40 కిలోలను 60 కిలోలుగా దిద్దారనుకోండి. వెంటనే ఆ పేజీ ముద్ర మారిపోతుంది. తర్వాతి పేజీ పైన ఉన్న సంఖ్యతో కుదరదు. మిగతా పదకొండు గదుల పుస్తకాలతోనూ కుదరదు. దొంగ దొరికిపోతాడు. ఒకరి మంచితనం మీద ఆధారపడకుండా అందరూ సరిచూసుకునే ఏర్పాటు ఇది.

అయితే ఒక్క విషయం జాగ్రత్తగా గుర్తుంచుకోండి. అసలు లారీలోంచి దిగింది 40 కిలోలే అయినా, సాయంత్రం 60 అని చదివితే పన్నెండు గదుల వాళ్లూ 60 అనే రాసుకుంటారు. అప్పుడు బ్లాక్‌చైన్ ఆ అబద్ధాన్ని కూడా చెరిగిపోకుండా దాచిపెడుతుంది. రాసింది మారకుండా చూడటం దాని పని. రాసింది నిజమో కాదో చూడటం మనుషుల పని. భూమి రికార్డులైనా, రేషన్ లెక్కలైనా బ్లాక్‌చైన్‌లో పెడితే అవినీతి పోతుందని ఎవరైనా చెబితే, "లారీ దగ్గర తూకం ఎవరు వేశారు?" అని అడగండి.

బిట్‌కాయిన్ పుట్టుక

2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే పేరుతో ఒక చిన్న పత్రం ఇంటర్నెట్‌లో వెలువడింది. ఆ పేరు వెనక ఉన్నది ఒక మనిషో, కొందరో నేటికీ రుజువు కాలేదు. అమెరికాలో పెద్ద బ్యాంకులు కుప్పకూలిన రోజులవి. బ్యాంకు లేకుండా ఒకరి నుండి మరొకరికి నేరుగా డబ్బు పంపే పద్ధతి అందులో ఉంది. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ తయారైంది. బిట్‌కాయిన్ మొదలైంది.

ఇక్కడ గదుల బదులు ప్రపంచమంతా వేలాది కంప్యూటర్లు ఉంటాయి. దాదాపు పది నిమిషాలకు ఒక పేజీ చేరుతుంది. ఆ పేజీ రాసే అవకాశం కోసం కంప్యూటర్లు ఒక కఠినమైన లెక్కలో పోటీ పడతాయి. గెలిచినవారికి కొత్త బిట్‌కాయిన్లు బహుమతి. దీన్నే మైనింగ్ అంటారు. దీనికి కరెంటు విపరీతంగా ఖర్చవుతుంది. మొదట బహుమతి 50 బిట్‌కాయిన్లు. దాదాపు నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు చేరింది. మొత్తం మీద 2 కోట్ల 10 లక్షల బిట్‌కాయిన్లకు మించి ఎప్పటికీ రావు. ఈ పరిమితి వల్లనే దాన్ని కొందరు డిజిటల్ బంగారం అంటారు.

2010 మే 22న అమెరికాలో ఒకాయన రెండు పిజ్జాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. 2021 నవంబరులో ఒక్క బిట్‌కాయిన్ ధర దాదాపు 69,000 డాలర్లు. సరిగ్గా ఏడాదికి, 2022 నవంబరులో, అది 16,000 డాలర్ల దగ్గరికి పడింది. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి, మళ్లీ వీటితో పని ఉంది.

డబ్బు మూడు పనులు చేయాలని అర్థశాస్త్రంలో మొదటి పాఠం. ఒకటి, వస్తువులు కొనడానికి పనికిరావాలి. రెండు, విలువ కొలవడానికి పనికిరావాలి. మూడు, రేపటికి దాచుకోవడానికి పనికిరావాలి. ఈ కొలబద్ద పట్టుకుని కొన్ని దేశాలు చూసి వద్దాం.

ఎల్ సాల్వడార్: చట్టం చేసినా వాడని డబ్బు

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం ఉంది. విస్తీర్ణంలో మన తెలంగాణలో అయిదో వంతు. జనాభా 60 లక్షల పైచిలుకు. 2001 నుండి అక్కడ సొంత కరెన్సీ లేదు, అమెరికా డాలరే చెల్లుతుంది. లక్షలాది మంది అమెరికా వెళ్లి కూలీ, నాలీ చేసి ఇంటికి డబ్బు పంపుతారు. దేశ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు ఆ డబ్బే.

ఇది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. మా జిల్లాలో ఊరూరా దుబాయి వెళ్లినవాళ్లుంటారు. మా నాన్న కూడా నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వెళ్లి, పదకొండేళ్లు భవనాల పనిలో ఉన్నాడు. నెల మొదట్లో డబ్బు పంపేవాడు. పంపినప్పుడల్లా కమీషన్ కొంత, మారకపు రేటులో కోత కొంత. ప్రపంచం మొత్తం మీద 200 డాలర్లు దేశం దాటించడానికి సగటున ఆరు శాతానికి పైగా ఖర్చవుతోందని ప్రపంచ బ్యాంకు లెక్క. 2030 నాటికి దీన్ని మూడు శాతం కంటే తగ్గించాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యంగా పెట్టుకుంది. కాబట్టి "బిట్‌కాయిన్‌తో కమీషన్ లేకుండా డబ్బు పంపవచ్చు" అన్న మాట వలస కూలీ కుటుంబానికి ఎంత తియ్యగా వినిపిస్తుందో నాకు తెలుసు.

ఎల్ సాల్వడార్ అధ్యక్షుడు నయీబ్ బుకెలే సరిగ్గా ఈ మాటే చెప్పాడు. 2021 జూన్‌లో పార్లమెంటు బిట్‌కాయిన్ చట్టం చేసింది. 84 మందిలో 62 మంది ఓటు వేశారు. సెప్టెంబరు 7 నుండి డాలరుతో పాటు బిట్‌కాయిన్ కూడా చట్టబద్ధమైన డబ్బు అయింది. ప్రపంచంలో ఇలా చేసిన మొదటి దేశం అదే. దుకాణదారులు ఎవరైనా ఇస్తే తీసుకోవాలని చట్టంలో రాశారు. ప్రభుత్వమే 'చివో' అనే యాప్ తయారు చేసింది. చేరిన ప్రతి పౌరుడికీ 30 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఉచితంగా ఇచ్చింది. ఊళ్లలో ప్రత్యేక ఏటీఎంలు పెట్టింది.

ఏం జరిగింది? ముగ్గురు ఆర్థికవేత్తలు అక్కడ 1,800 కుటుంబాలను ఇంటికి వెళ్లి సర్వే చేశారు. జనం యాప్ వేసుకున్నది ఎక్కువగా ఆ 30 డాలర్ల కోసమే. అవి ఖర్చయ్యాక వేసుకున్నవాళ్లలో 60 శాతానికి పైగా మళ్లీ దాన్ని వాడలేదు. వాడినవాళ్లు ఎక్కువగా చదువుకున్న, బ్యాంకు ఖాతా ఉన్న యువకులు. అంటే ఎవరికి బ్యాంకు లేదని ఇదంతా చేశారో వారికి ఇది చేరలేదు. కొందరు చేరబోతే వారి గుర్తింపు కార్డు నంబరుతో అప్పటికే ఎవరో చేరి 30 డాలర్లు కాజేశారని తేలింది. విదేశాల నుండి వచ్చే డబ్బులో క్రిప్టో ద్వారా వచ్చింది 2022లోనూ, 2023లోనూ రెండు శాతానికి లోపే. 2024లో బిట్‌కాయిన్ వాడినవారు పదిమందిలో ఒకరు కూడా లేరని అక్కడి సెంట్రల్ అమెరికన్ యూనివర్సిటీ సర్వేలో వెల్లడైంది.

చివరికి 2024 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధితో 140 కోట్ల డాలర్ల అప్పు ఒప్పందం కుదిరింది. దాని షరతుల ప్రకారం 2025 జనవరిలో చట్టాన్ని సవరించారు. బిట్‌కాయిన్ తీసుకోవాలన్న నిర్బంధం పోయింది. దానితో పన్నులు కట్టే వీలూ పోయింది.

ఇప్పుడు ఇందాకటి మూడు అంకెలకు వద్దాం. 2021 నవంబరులో ఒక కూరగాయల ఆమె 100 డాలర్లు బిట్‌కాయిన్‌గా దాచిందనుకోండి. ఏడాదికి అవి దాదాపు 23 డాలర్లు. అలాగే ఉంచితే 2024 డిసెంబరు నాటికి దాదాపు 145 డాలర్లు. ఆగిన వాడికి లాభమే. ఎల్ సాల్వడార్ ప్రభుత్వం ఆగింది, తన దగ్గరున్న బిట్‌కాయిన్లకు కాగితం మీద లాభం చూపింది. ఆ కూరగాయల ఆమె మూడేళ్లు ఆగగలదా? ఆమెకు రేపు తెల్లవారుజామున సరుకు కొనాలి. మా నాన్న పంపిన డబ్బులో మా అమ్మ ఒక్క నెలైనా ఆగి ఉంటే మాకు వడ్డీ పెరిగేది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. ధర ఇలా ఊగిసలాడే వస్తువు ఆగగలిగిన వాడికి ఆస్తి కావచ్చు. ఆగలేని వాడికి అది డబ్బు కాలేదు.

ఎల్ సాల్వడార్‌ను చూసి 2022 ఏప్రిల్‌లో ఆఫ్రికాలోని మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ కూడా ఇలాంటి చట్టమే చేసింది. కరెంటు, ఇంటర్నెట్ కొద్దిమందికే ఉన్న దేశం అది. ఏడాది తిరగకముందే వెనక్కి తీసుకుంది.

నైజీరియా: వద్దన్నా వాడిన జనం

ఎల్ సాల్వడార్‌లో ప్రభుత్వం వాడమంది, జనం వాడలేదు. నైజీరియాలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2021 ఫిబ్రవరిలో అక్కడి కేంద్ర బ్యాంకు, క్రిప్టో లావాదేవీలు చేసేవారి ఖాతాలు మూసేయమని బ్యాంకులను ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరు 25న ప్రభుత్వమే 'ఈ-నైరా' అనే డిజిటల్ కరెన్సీ తెచ్చింది. జనం ఈ-నైరాను పట్టించుకోలేదు. ఏ వారం తీసుకున్నా 98.5 శాతం ఈ-నైరా వాలెట్లు ఒక్కసారి కూడా వాడలేదని 2023లో ద్రవ్యనిధి అధ్యయనం చెప్పింది. నిషేధించిన క్రిప్టోను మాత్రం మనిషికీ మనిషికీ మధ్య నేరుగా కొంటూ, అమ్ముతూ ఉండిపోయారు. చివరికి 2023 డిసెంబరులో కేంద్ర బ్యాంకే ఆ నిషేధాన్ని ఎత్తివేసింది.

ఎందుకిలా? నైజీరియా డబ్బు నైరా. 2023 మధ్యలో డాలరుకు దాదాపు 460 నైరాలు ఉండేవి. 2024 తొలి నెలల్లో 1,500 దాటాయి. ధరలు ఏడాదికి 30 శాతానికి పైగా పెరిగాయి. జేబులోని డబ్బు కరిగిపోతుంటే ఎవరైనా ఏదో ఒక చెట్టు కొమ్మ పట్టుకుంటారు. బయటి దేశం నుండి సరుకు తెప్పించే చిన్న వ్యాపారికి బ్యాంకులో డాలర్లు దొరకవు. అలాంటివారు ఎక్కువగా ఆశ్రయించింది స్టేబుల్ కాయిన్లను. ఒక కాయిన్ విలువ ఎప్పుడూ ఒక డాలరే ఉండేలా చూస్తామని దాన్ని తయారు చేసినవారు మాట ఇస్తారు.

గమనించండి. అక్కడి సామాన్యుడు ఊగిసలాటను కోరుకోలేదు, స్థిరత్వాన్ని కోరుకున్నాడు. అయితే ఈ మాట కూడా ఇచ్చినవాడి చేతిలోనే ఉంటుంది. 2022 మేలో టెర్రా అనే స్టేబుల్ కాయిన్ డాలరు నుండి కొద్ది రోజుల్లోనే పైసల్లోకి పడిపోయింది. అదే ఏడాది నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద క్రిప్టో మారకపు సంస్థ దివాలా తీసింది. అక్కడ దాచుకున్న పేద దేశాల మనుషులు కూడా చాలామంది చిక్కుకున్నారు. పుస్తకం ఒక్కరి చేతిలో ఉండకూడదని మొదలైన ప్రయాణం మళ్లీ ఒక సేటు కొట్టు దగ్గరికే చేరింది.

కెన్యా, జోర్డాన్: పని చేసినవి

మరి పేదవాడికి నిజంగా పనికొచ్చిన కొత్త డబ్బు ఏదీ లేదా? ఉంది. కెన్యాలో 2007లో 'ఎం-పేసా' వచ్చింది. ఎం అంటే మొబైల్. పేసా అంటే స్వాహిలీ భాషలో డబ్బు, మన 'పైసా' నుండి వెళ్లిన మాటే. ఇది బ్లాక్‌చైన్ కాదు. మామూలు బటన్ల ఫోను నుండి డబ్బు పంపవచ్చు. వీధి చివర కొట్టులో నగదు ఇచ్చి ఫోనులో వేయించుకోవచ్చు, ఫోనులోది చూపించి నగదు తీసుకోవచ్చు. ఒక షిల్లింగు రేపు కూడా ఒక షిల్లింగే. దీనివల్ల 1,94,000 కుటుంబాలు కటిక పేదరికం నుండి బయటపడ్డాయని 2016లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. ముఖ్యంగా ఆడవాళ్లు వ్యవసాయం వదిలి చిన్న వ్యాపారాల్లోకి రాగలిగారు.

బ్లాక్‌చైన్ పనికొచ్చిన చోటు కూడా ఒకటి చెప్పాలి. సిరియా యుద్ధం వల్ల పారిపోయి వచ్చినవారు జోర్డాన్‌లోని అజ్రక్ శిబిరంలో ఉంటారు. 2017లో ప్రపంచ ఆహార కార్యక్రమం అక్కడ 10,000 మందితో ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఆ కుటుంబానికి ఇచ్చిన సాయం లెక్క బ్లాక్‌చైన్‌లో ఉండేది. శిబిరంలోని దుకాణంలో కంటిపాప చూపిస్తే సరుకు ధర అందులోంచి తగ్గేది. మధ్యలో బ్యాంకుకు కట్టే రుసుము దాదాపుగా మిగిలింది. తర్వాత లక్ష మందికి పైగా విస్తరించారు. అక్కడ అమ్మడానికి కాయిన్ లేదు, ధర పెరగడం, తగ్గడం లేదు. అయితే రొట్టె కోసం కంటిపాప ఇవ్వాల్సి వచ్చినప్పుడు కాదనే స్వేచ్ఛ ఆ మనిషికి ఉందా అన్న ప్రశ్నను కొట్టిపారేయలేం.

మన దేశంలో

మన దగ్గర 2016లో యూపీఐ వచ్చింది. చాయ్ కొట్టులో కూడా స్కాన్ చేసి పది రూపాయలు ఇస్తున్నాం. అది క్రిప్టో కాదు, మన రూపాయే ఒక బ్యాంకు నుండి మరో బ్యాంకుకు వెళుతుంది. కాబట్టి దేశం లోపల డబ్బు పంపడానికి మనకు క్రిప్టో అవసరం కలగలేదు. అయినా క్రిప్టో వాడకంపై ఏటా సూచీ ప్రకటించే చైనాలసిస్ సంస్థ 2023, 2024, 2025 సంవత్సరాల్లో భారతదేశానికే మొదటి స్థానం ఇచ్చింది. అవసరం కంటే ఆశే మనవాళ్లను అటు నడిపిస్తోందని నా అభిప్రాయం.

చట్టం సంగతి క్లుప్తంగా తెలుసుకోండి. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారులకు సేవలు ఇవ్వవద్దని బ్యాంకులకు చెప్పింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2022 బడ్జెట్‌లో క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను వేశారు. అదే ఏడాది జులై నుండి అమ్మకాలపై ఒక శాతం టి.డి.యస్. కూడా వచ్చింది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తీసివేసే వీలు లేదు. అంటే ఒక కాయిన్‌లో 10,000 లాభం, మరో కాయిన్‌లో 10,000 నష్టం వస్తే మీ చేతిలో మిగిలింది సున్నా. అయినా లాభంపై 3,000 రూపాయల పన్ను లెక్కకు వస్తుంది. పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం దీన్ని డబ్బుగా ఒప్పుకుందని చాలామంది పొరబడుతున్నారు. అది తప్పు. మన దేశంలో క్రిప్టో చట్టబద్ధమైన డబ్బు కాదు. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఈ-రూపాయి వేరు. అది మన రూపాయికే డిజిటల్ రూపం.

వంద ఏళ్ల క్రితం బాబాసాహెబ్ వేసిన ప్రశ్న

అంబేద్కర్ గారి పటం మన హాస్టల్ హాల్లో ఉంది. ఆయన రాజ్యాంగం రాశారని మనందరికీ తెలుసు. ఆయన డబ్బు గురించి రాసిన పుస్తకం సంగతి నాకు పీజీలో చేరాకే తెలిసింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేసిన పరిశోధన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' పేరుతో 1923లో అచ్చయింది. 1925లో భారత కరెన్సీపై విచారించిన రాయల్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం ఇచ్చారు. ఆ కమిషన్ సిఫారసు చేసిన కేంద్ర బ్యాంకే తర్వాత 1935లో రిజర్వు బ్యాంకుగా ఏర్పడింది.

ఆ పుస్తకంలోని వాదన నాకు అర్థమైనంతలో రెండు ముక్కల్లో చెబుతాను. ఒకటి, డబ్బును ఇష్టం వచ్చినంత విడుదల చేసే అధికారం పాలకుల చేతిలో హద్దు లేకుండా ఉండకూడదు. రెండు, రూపాయి స్థిరంగా ఉందా లేదా అన్నది విదేశీ డబ్బుతో మారకపు రేటులో చూడటం చాలదు, రూపాయికి ఎంత సరుకు వస్తుందో అందులో చూడాలి. ఎందుకంటే ధరలు పెరిగితే అంత వేగంగా కూలీ పెరగదు.

ఈ రెండింటినీ బిట్‌కాయిన్ ముందు పెట్టి చూడండి. మొదటి దానిలో అది పాసవుతుంది. 2 కోట్ల 10 లక్షల హద్దును ఏ పాలకుడూ దాటించలేడు. నైరా లాంటి డబ్బుతో విసిగిన మనిషి దాన్ని ఎందుకు పట్టుకుంటాడో ఇక్కడ తెలుస్తుంది. రెండో దానిలో మాత్రం ఫెయిలవుతుంది. ఒకే బిట్‌కాయిన్‌కు ఒక ఏడాది పది బస్తాల బియ్యం వస్తే, మరుసటి ఏడాది రెండున్నర బస్తాలు కూడా రాని పరిస్థితి. కూలి మనిషికి కావలసింది ఈ రెండో పరీక్షలో పాసయ్యే డబ్బు.

తమ్ముళ్లకు నాలుగు మాటలు

మళ్లీ మన తమ్ముడి సంగతికి వస్తాను. వాడు డబ్బు పంపింది ఎక్కడికో చూశాను. యూపీఐ ద్వారా ఎవరో ఒక మనిషి ఖాతాకు పంపాడు. అంటే ఆ 7,500 బ్లాక్‌చైన్ గడప కూడా తొక్కలేదు. యాప్‌లో కనిపించిన 21,000 ఎవరో తెర మీద రాసిన అంకె మాత్రమే. మా సేటు పుస్తకం కంటే ఘోరం, ఎందుకంటే సేటు మొహమైనా మాకు తెలుసు.

కాబట్టి గుర్తుంచుకోండి. రోజూ ఖాయంగా లాభం వస్తుందని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి, ధర ఊగే వస్తువులో ఖాయమైన లాభం ఉండదు. మొదట వెనక్కి ఇచ్చే చిన్న మొత్తం గాలానికి గుచ్చిన ఎర. మీ డబ్బు మీకు ఇవ్వడానికి ముందుగా డబ్బు కట్టమన్నారంటే అది మోసమే. పన్ను ప్రభుత్వానికి కడతాం, వాట్సాప్ గ్రూపులో ఉన్నవాడికి కాదు. మోసపోయామని తెలియగానే సిగ్గుపడి దాచకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మన తమ్ముడు పదిరోజులు ఎవరికీ చెప్పలేదు.

అలాగని ఈ విద్యకు దూరంగా ఉండమని నేను అనను. బ్లాక్‌చైన్ వెనక ఉన్న లెక్కలు, ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. దానితో ఉద్యోగాలున్నాయి. రేపు భూమి రికార్డులు, సర్టిఫికెట్లు అందులోకి వస్తే, లారీ దగ్గర నిలబడి తూకం సరిచూసే మనిషి మనలోంచి ఒకడు ఉండాలి. స్కాలర్‌షిప్ డబ్బు మాత్రం అందులో పెట్టకండి. అది ఆగలేని డబ్బు. మెస్ బిల్లుకు, పరీక్ష ఫీజుకు, పుస్తకాలకు వచ్చిన డబ్బు.

తమ్ముడి పరీక్ష ఫీజు మా బ్యాచ్ వాళ్లం తలా కొంత వేసుకుని కట్టాం. పోయిన 7,500 ఇంకా తిరిగి రాలేదు. ఫిర్యాదు మాత్రం ఇచ్చాడు. పోయిన వారం మళ్లీ ఫోన్ చేసి, "అన్నా, ఆ ముద్ర సంఖ్య లెక్క ఎట్ల చేస్తరో ఎక్కడ చదవాలె?" అని అడిగాడు. సెలవుల్లో హాస్టల్‌కు వస్తాను. నాకూ పూర్తిగా రాదు. ఇద్దరం కూర్చుని నేర్చుకుంటాం. ఆసక్తి ఉన్నవాళ్లు మీరు కూడా రండి.